దిక్కులేని యంత్రములు

రాత్రి భోజనములైన పిమ్మట, వీధికుక్కల అలికిడి తప్ప మఱేమియు వినబడని వేళ, బెంగుళూరున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుని వద్దనుండి నా ఫోనునకు ఒక ఛాయాచిత్రము వచ్చుట, దాని క్రింద "మామయ్యా, ఇదేమిటో చెప్పండి చూద్దాం" అను పృచ్ఛ యుండుట, నేను కళ్ళజోడు సవరించుకొని తోచినదేదో చెప్పుట, అది తప్పగుట, ఈ క్రతువు మా యిరువురి నడుమ మూడేండ్లుగా అవిచ్ఛిన్నముగా సాగుచున్నది. వాడు పంపునవి దేవాలయములు గావు, సినిమాతారల బొమ్మలును గావు. ఇసుక మేటవేసిన విమానములు, అడవితీగెలల్లుకొనిన రైలింజనులు, తలుపులూడిన టెలిఫోను గూళ్ళు, ఎందుకొఱకు పుట్టినవో ఆ పనియే లోకమునుండి లేచిపోగా ఉన్నచోటనే నిలిచిపోయిన ఇనుపకాయములు. మా యింటావిడ ఈ వ్యవహారమునకు 'పాత ఇనపసామాన్ల బేరం' అని నామకరణము చేసినది. బేరమున లాభము లేని మాట నిజమే. నష్టమన్నచో, ఒక్క నిద్ర.

పాడుపడిన కోటను చూచినప్పుడు దీనిని కట్టించిన రాజెవ్వడని మనము అడుగుదుము. చెప్పుటకు చుట్టుప్రక్కల పల్లెలలో ఎవడో యొక ముసలివాడు సిద్ధముగానే యుండును. పాడుపడిన యంత్రమును చూచినప్పుడు మాత్రము ఎవడు చేసెను, ఎంత ఖర్చయ్యెను, ఎప్పుడాగెను అని అడుగుటయే గాని, దినదినమును దానిముందు నిలుచుండి దానిని నడపినవాడెవ్వడు, వాని చేతికి తెలిసిన విద్య యేమయ్యెనని అడుగువారు కానరారు. నాకు ఈ ప్రశ్న తట్టుటకు మూడేండ్లు పట్టినది. ఎట్లు తట్టెనో చెప్పవలెనన్న, ఆ ఛాయాచిత్రములలో మొదటిదానినుండి రావలసియున్నది.

కడలిలో పంచాంగము

జానెడుకు కొంచెము తక్కువ వెడల్పున, చిలుమెక్కి ఆకుపచ్చనైన ఒక ముద్ద. దాని మధ్య నాలుగాకుల చక్రమొకటి లీలగా కనబడుచున్నది. ఏ దేవుని రథపు నమూనాయో యని నేను వ్రాసితిని. "కాదు మామయ్యా, రెండువేల ఏళ్ళనాటి పంచాంగం" అని వాడు బదులిచ్చెను. పంచాంగమును పిడి పెట్టి త్రిప్పుదురా యని నేను నవ్వితిని గాని, తెల్లవారుజామున మూడు గంటలవరకు దానిని గూర్చియే చదువుచు కూర్చుంటినన్న సంగతి వానికి ఈనాటికిని చెప్పలేదు.

గ్రీసు దేశమున క్రీటు ద్వీపమునకును పెలొపొన్నెసునకును నడుమ ఆంటికిథెరా యను చిన్న దీవి కలదు. 1900వ సంవత్సరపు వసంతమున, సముద్రపు స్పంజిని కోయుట జీవికగా గల సిమి ద్వీపవాసులు, దిమిత్రియోస్ కొండోస్ అను పడవ పెద్దతో పోవుచు, తుఫానుకు జడిసి ఆ దీవి చాటున లంగరు దించి, ఊరక కూర్చుండనేల యని ఒకనిని నీట దింపగా, వాడు కొంతసేపటికే పైకి వచ్చి, అడుగున మనుష్యుల శవములును గుఱ్ఱములును గుట్టలుగా పడియున్నవని వణకుచు చెప్పెనట. అవి శవములు గావు. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దిలో మునిగిన యొక సరకుల ఓడలోని కంచు, పాలరాతి విగ్రహములు. గ్రీకు ప్రభుత్వము ఈ గజఈతగాండ్రనే నియమించి వానిని పైకి తీయించెను. ఇంచుమించు 45 మీటర్ల లోతున పదేపదే దిగియెక్కినందున ఒకడు మరణించెను, ఇరువురు పక్షవాతము పాలైరి. విగ్రహములను చూచుటకు ఏథెన్సు నగరము విరుగబడినది. వానితోపాటు వచ్చిన చిలుముముద్దను మాత్రము పురావస్తు ప్రదర్శనశాలలో ఒక మూల నుంచిరి. 1902 మే నెలలో వలేరియోస్ స్తాయిస్ అను పురావస్తువేత్త, ఎండి పగిలిన ఆ ముద్దలో దంతచక్రమొకటి యుండుట గమనించెను. అంత ప్రాచీనకాలమున అట్టి పనితనమా, ఇది తరువాతి కాలమున ఎవరో జారవిడిచిన వస్తువై యుండునని కొందఱు పెద్దలు తీర్మానించి, తలలు పంకించి, తమ తమ పనులలోనికి పోయిరి.

అర్ధశతాబ్దికి పైగా గడచిన పిమ్మట డెరెక్ డి సొల్లా ప్రైస్ అను విజ్ఞానచరిత్రకారుడు ఏథెన్సునకు పోయి, ఆ తునకలను ఓపికగా పరిశీలించి, ఇది ప్రాచీన గ్రీకుల గణనయంత్రమని 1959లో ప్రకటించెను. తదుపరి ఎక్స్‌రే చిత్రములు తీసి పండ్లు లెక్కపెట్టిరి. ముద్ద నెక్కడికిని కదల్చుటకు ప్రదర్శనశాలవారు ఒప్పుకొనరు గనుక, విమానపు టర్బైను రెక్కలలోని పగుళ్ళు వెదకుటకు ఉద్దేశింపబడిన ఇంచుమించు ఎనిమిది టన్నుల ఎక్స్‌రే యంత్రమును 2005లో ఇంగ్లండునుండి ఏథెన్సునకు మోసికొనిపోయి, పొర పొర చొప్పున లోపలిని చిత్రించిరి. గుప్పెడు కంచు ముందఱికి ఎనిమిది టన్నుల ఉక్కు నడచిపోయినదన్నమాట. 82 తునకలలో 30 దంతచక్రములు లెక్కకు వచ్చినవి.

ఇంతకును ఆ యంత్రము చేయు పని మన కపరిచితమైనది గాదు. అడుగెత్తు కొయ్యపెట్టెకు ప్రక్కన నొక పిడి. పిడిని త్రిప్పగా, ముందువైపున సూర్యచంద్రులు రాశిచక్రమున కదలుదురు. సగము నలుపును సగము తెలుపునైన చిన్న గోళము తిరిగి ఆనాటి చంద్రకళను చూపును. వెనుకవైపున రెండు చుట్టచుట్టల ఫలకములపై ముండ్లు ప్రాకును. అందొక చుట్టపై 235 గళ్ళు కలవు. పందొమ్మిదేండ్లలో 235 చాంద్రమాసములు సరిపోవుననుట దాని ఆంతర్యము. పందొమ్మిది పండ్రెండులు 228. తక్కిన ఏడును మన యిండ్లలో పెండ్లిండ్లకు అడ్డుపడు అధికమాసములే. పందొమ్మిది, ముప్పదియెనిమిది, ఏబదియేడు ఏండ్లు నిండిననాడు పుట్టిన తిథియు, పుట్టిన ఇంగ్లీషు తేదీయు ఒకేనాడో ఒకదినపు తేడాలోనో కలిసివచ్చునని మా నాయనమ్మ చెప్పెడిది. ఏథెన్సు మాట ఆమె వినలేదు గాని, ఆ కంచుచుట్టపై గళ్ళలోని లెక్క ఆమె నోటనుండెను.

రెండవ చుట్టయందు 223 గళ్ళు. దానిని నడపుటకు 223 పండ్లు గల పెద్ద చక్రము. గ్రహణములు 223 చాంద్రమాసములకు, అనగా పదునెనిమిదేండ్ల పదునొకండు దినముల ఎనిమిది గంటలకు, మరల అదే క్రమమున వచ్చును. నా వయస్సువారికి 1980 ఫిబ్రవరి 16వ తేదీ, శనివారము, జ్ఞాపకముండి తీరును. హైదరాబాదు సమీపమున జపాల్-రంగాపూరులోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు వేధశాల సంపూర్ణ సూర్యగ్రహణపు బాటలో పడగా, అక్కడ దుర్భిణులు బిగించి శాస్త్రజ్ఞులు ఆకాశము చూచుచుండిరి; మా యింట తలుపులు బిగించి మేము నేల చూచుచుంటిమి. ఆ గ్రహణమే 1998 ఫిబ్రవరి 26న కరీబియను సముద్రముపైనను, 2016 మార్చి 9న ఇండోనేషియాపైనను పట్టినది. ఎనిమిది గంటలనగా భూమి మూడవవంతు తిరుగుట. కావున ప్రతి ఆవృత్తికిని నీడ మూడవవంతు లోకము పడమటికి జరుగును, మూడావృత్తులైనచో ఇంచుమించు మొదటి తావునకు చేరును. 2034 మార్చి 20న దాని కొస మన దేశపు ఉత్తరపు అంచును తాకనున్నది. ఈ మూడవవంతు లెక్క చూపుటకై ఆ కంసాలి ఆ పెట్టెలో వేఱుగ నొక చిన్న ఫలకమును అమర్చెను!

కంసాలి యంటిని గదా, వాని చేతినైపుణ్యమును గూర్చి ఒక్కమాట. 223ను ఒకటియు తానును దక్క మఱే సంఖ్యయు నిశ్శేషముగా భాగింపదు. వృత్తమును సగము, సగములో సగము అని పంచుకొనుచు పోయి ఆ పండ్లను గుర్తించుటకు వీలులేదు. ఆకురాయితో ఒక్కొక్క త్రికోణపు పన్ను కోయుచు చుట్టుదిరిగి వచ్చుసరికి చివరిపన్ను మొదటిపన్ను ప్రక్కన సరిగా కూర్చుండవలెను. చంద్రుడు భూమికి దగ్గఱయైనపుడు వడిగాను దూరమైనపుడు మెల్లగాను నడచును గనుక, ఆ నడకను అనుకరించుటకు, కేంద్రములు వెండ్రుకవాసి తప్పిన రెండు చక్రములలో ఒకదానిపై చీల నిలిపి, రెండవదానిలో గాడి తొలిచెను. ఇంతటి చక్రసముదాయము మరల ఐరోపా గోపురపు గడియారములలో గాని కనబడదు. అవి పుట్టుటకు మధ్య వేయేండ్లకు పైచిలుకు గడచినది. దీనిని గ్రహాంతరవాసులు చేసిరని ఫోనులో తెల్లవారకముందే శుభోదయముతోపాటు పంపు మిత్రులు నాకు ఇద్దఱున్నారు. ఆకురాయి పట్టి వేళ్ళు కాయలు కాచిన మనుష్యుని ఎత్తుకొనిపోయి, ఆ కీర్తిని నక్షత్రవాసులకు కట్టబెట్టుట నాకు సుతరామును గిట్టదు.

నన్ను నిద్రపోనీయని సంగతి యిది గాదు. ఆ పెట్టె తలుపుల మీదను, ఫలకముల మీదను ఎవరో ఓపికతో చిన్న చిన్న గ్రీకు అక్షరములు చెక్కిరి. నేటివరకు మూడువేలకు పైగా చదువగలిగిరి. ఏ ముల్లు ఏమి చూపును, ఏ గ్రహము ఎట్లు నడచును అని అందు వివరింపబడినది. అనగా, త్రిప్పువాడు పోయినను త్రిప్పు తెఱగు యంత్రముతోనే మునిగి, యంత్రముతోనే తేలినది.

మంచుతుఫానును, కాస్పియను రాక్షసియును

ఆ మర్యాద మన కాలపు యంత్రములకు దక్కలేదు. సోవియెట్ దేశము కట్టిన అంతరిక్షవిమానమునకు 'బురాన్' అని పేరు. స్తెప్పె మైదానములపై వీచు మంచుతుఫానునకు రష్యను మాట. 1988 నవంబరు 15న, లోపల ఒక్క మనుష్యుడైనను లేకుండ, బైకొనూరునుండి లేచి, భూమిని రెండుసార్లు చుట్టి, 206 నిమిషములకు తిరిగివచ్చి, తనంతట తానే ప్రక్కగాలిని తట్టుకొని, పట్టాలపై బండివలె బాటపై దిగినది. అది మరల ఎగురలేదు. దేశమే చీలిపోగా, 1993లో ఆ ప్రయత్నమును మానుకొనిరి. ఎగిరి వచ్చిన విమానము ఉన్న కొట్టపు పైకప్పు 2002 మే 12న, దానిపై మరమ్మతు చేయుచున్న ఎనమండ్రు పనివాండ్రతో సహా కూలి, వారిని బలిగొని, విమానమును నలిపివైచినది. దాని తోబుట్టువులు రెండు, అదే బైకొనూరులో, మఱొక కొట్టమున పావురముల రెట్టల క్రింద నిలిచియున్నవి. ఎడారిలో రాత్రివేళ కాలినడకన పోయి, కావలివారి కన్నుగప్పి తీసిన చిత్రములే లోకమంతట తిరుగుచున్నవి. మా మేనల్లుడు పంపినవియు అవియే. నడపు తెఱగు ఎక్కడనైన వ్రాసియున్నదేమో యని ఆ చిత్రములలో గోడవెంబడి చూచితిని, నేల చూచితిని. మీటల క్రింద అక్షరములు కలవు గాని, ఆ అక్షరములను అర్థము చేసికొనువారు పింఛను పుచ్చుకొని ఏయే ఊళ్ళకు పోయిరో.

ఇక రెండవది. చెఱువుపై రెక్క తడవకుండ, నీటిని తాకీతాకక ఎగురు పక్షులను చూడనివారుండరు. నేలకో నీటికో మిక్కిలి దగ్గఱగా ఎగురునపుడు రెక్క క్రింది గాలి మెత్తపఱుపువలె పనిచేయును. ఈ కిటుకుతో రొస్తిస్లావ్ అలెక్సెయెవ్ అను నౌకాశిల్పి ఓడయు విమానమును గాని వాహనములు కట్టెను. 1966లో ఎగిరిన తొలి పెద్దది 92 మీటర్ల పొడవు. ఆకాశమునుండి తీసిన చిత్రములలో దానిని చూచి అమెరికా గూఢచారులు దిమ్మెరపోయి 'కాస్పియను రాక్షసి' అనిరి. తరువాతిది, 'లూన్', ఎనిమిది ఇంజనులతో, వీపుపై ఆరు క్షిపణిగొట్టములతో 1987లో నౌకాదళమున చేరి, కొలదికాలమే పనిచేసి, కాస్పీస్క్ రేవున ఏండ్లతరబడి మురిగి, 2020 జూలైలో దెర్బెంత్ తీరమునకు ఈడ్వబడినది. ప్రదర్శనకు పెట్టుదుమని ఈడ్చిరి గాని, కొన్ని నెలలపాటు ఒడ్డుకును అలకును మధ్య చిక్కుకొని, ఎటు పోవలెనో తెలియని ఏనుగువలె నిలిచియుండెను. దానిపై ఇంకెక్కువ చెప్ప నాకు మనసొప్పదు. ఎన్ని చూచినను యుద్ధయంత్రముల శిథిలములపై నాకు జాలి పుట్టదు.

మూడు గంటలు

"దూరదేశపువి చాలు, కారులో రెండు గంటల దూరంలో ఒకటుంది, రండి మామయ్యా" అని వాడు పిలువగా, ఒక ఆదివారము కోలారు బంగారుగనులకు పోయితిమి.

ఆ గనుల చరిత్ర తెలుగువారికి పరాయిది గాదు. మన చిత్తూరు సీమకు అది పొరుగు. గనికూలికి తమిళ జిల్లాలనుండి వచ్చినవారే అధికులైనను, పలమనేరు, కుప్పము ప్రాంతములనుండి పోయిన కుటుంబములును తక్కువ గావు. అక్కడివారు మట్టి కడిగి పసిడిరజను తీయుట చూచి 1802లో వారెన్ అను సైనికోద్యోగి వ్రాసిపెట్టెను. 1880లో జాన్ టేలర్ కంపెనీ ప్రవేశించెను. 1902లో శివసముద్రమున కావేరినీటితో పుట్టించిన విద్యుత్తు 147 కిలోమీటర్ల తీగెపై నేరుగా ఈ గనికే వచ్చినది. బెంగుళూరు వీథిదీపములు దానికై మఱి మూడేండ్లు వేచియుండవలసివచ్చెను. తవ్వగా తవ్వగా గని మూడు కిలోమీటర్లకు మించి లోతునకు దిగినది. అచట రాయియే చేయి పెట్టరాని వేడి. ఆ లోతును చూచి బంగారముతో పనిలేనివారును వచ్చిరి. ఆకాశమునుండి ఎడతెగక కురియు విశ్వకిరణములను రెండు కిలోమీటర్లకు పైబడిన రాతిచేత వడగట్టి, దాదాపు దేనికిని ఆగని న్యూట్రినోలను పట్టవలెనని, టాటా పరిశోధనాసంస్థవారు జపానీయులతోను, ఆంగ్లేయులతోను కలిసి అచట యంత్రములు పెట్టి, వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో కనుగొనిరి. తరువాత ప్రోటాను క్షయమును వెదకుటకు 140 టన్నుల ఇనుపపరికరమును అంత లోతున నిలిపిరి. ఒక ఇనుపపెట్టెలో కూలివాడును శాస్త్రజ్ఞుడును భుజము భుజము రాచుకొనుచు దిగిన చోటు లోకమున మఱెన్ని యుండునో! 2001 ఫిబ్రవరి 28న గని మూతపడినది.

కంచెకు ఈవల నిలిచి చూచితిమి. ఇనుపస్తంభముల గోపురము, దాని శిఖరమున చక్రము, తాడు లేదు. వెనుకగా, బంగారము తీసివైచిన మట్టి తెల్లనికొండలై పడియున్నది. సైనైడు దిబ్బలని ఊరివారి వాడుక. లోపలికి పోనీయరైరి. ఎదుట టీకొట్టు బల్లపై కూర్చుండిన పెద్దమనిషి మా తెలుగు విని, "ఏ ఊరు సామీ మీది?" అని పలకరించెను. ఆయన తండ్రి పలమనేరు ప్రక్కపల్లెనుండి కూలికి వచ్చినవాడు. ఈయన ఇరువదిరెండేండ్లు, గనిలోనికి పెట్టెను దించి ఎక్కించు ఆ గోపురపు ఇంజను నడపెను.

"గనిలోకి ఎన్నిసార్లు దిగినారు తాతా?" అని మా వాడు అడిగెను.

"నేను దిగింది నాలుగైదుసార్లే నైనా. దించింది, ఎక్కించింది లెక్కలేదు. ఇంజనుకాడ కూసున్నోనికి గని కనపడదు, గంటే ఇనపడతాది. నిలబడిందాన్ని ఒకటి కొడితే పైకి లాగాల, రెండు కొడితే దించాల. మూడు కొడితే పెట్టెలో మనుషులుండారని."

"మనుషులుంటే తేడా ఏమిటి?"

"రాయిని తోలినట్టు మనుషుల్ని తోలేదానికి ఐతాదా? మెల్లిగా ఇడవాల. లోతుకి పోయేకొద్దీ తాడు సాగతాది. లోతు చూపించే ముల్లు నిలబడినా కింద పెట్టె ఇంగా ఊగతానే ఉంటాది. ఎంత సాగేది, ఎప్పుడు పట్టేది, అది ఏ బుక్కులోనూ లేదు. నాకు నేర్పినాయన చెయ్యి నా చెయ్యిమింద పెట్టి నేర్పించినాడు."

"మీరెవరికి నేర్పినారు?" అని నేనంటిని.

"ఒక పిలగానికి నేర్పిస్తా ఉన్నే. సగంలో ఉండంగా మూసేసిరి."

మా వాడు ఫోను తీసి, వీడియో పట్టెదను, ఒకసారి చేసి చూపుమని బ్రతిమాలెను. "ఇంజను లేకుండా ఏం చూపిస్తురా నైనా" అని ఆయన నవ్వెను గాని, నవ్వుచునే బల్లపై సర్దుకొని కూర్చుండి, పంచె మోకాళ్ళనడుమ దోపుకొని, ఎడమచేతిని గాలిలో ఏదో పిడిని పట్టినట్లు ముందునకు చాచెను. కన్నులు సగము మూసెను. కుడిచేతి వ్రేలిముడులతో బల్లపై మూడుసార్లు, నడుమ సమానమైన ఎడము విడుచుచు, కొట్టెను. ఎడమచేయి అంగుళము, అంగుళమున్నర, వెనుకకు రాసాగెను. మా వాడు ఊపిరి బిగబట్టి ఫోనును కదల్పక నిలిపియుంచెను.

టీకొట్టు కుఱ్ఱవాడు మూడు గ్లాసులు తెచ్చి బల్లపై పెట్టెను.